నడుముకు కట్టిన ఊపిరి

లైనింగు గుడ్డ కోసం గుంతకల్లుకు పోయినప్పుడు బట్టల కొట్టులో టీవీ నడుస్తోంది. సముద్రంలో మునిగేవాళ్ళ గురించిన కార్యక్రమం. వీపు మీద పెద్ద గాలి సిలిండరు, కాళ్ళకు బాతు పాదాల్లాంటి తొడుగులు. ఒకాయన మూరెడు పొడుగున్న పసుపుపచ్చ సిలిండరు పైకెత్తి చూపిస్తూ, వీపు మీదున్నది మొరాయిస్తే ఈ చిన్నదే ప్రాణం నిలుపుతుంది, మునిగే ప్రతివాడూ దీన్ని వెంట ఉంచుకోవాల్సిందే అంటున్నాడు. పక్కాయన ఒప్పుకోవడం లేదు. అనవసరపు బరువు, ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది, పైగా అదొకటుందన్న ధీమాతో మనిషి ఆగాల్సినచోట ఆగడు అని ఆయన వాదన. కొట్టాయన చేతిలో కొలబద్ద పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. నేనూ చూశాను. చూసి, గుడ్డ కొనకుండానే స్టేషను దాకా నడిచొచ్చి, బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తగువు మా ఇంటి అరుగు మీద ఎప్పుడో జరిగింది. టీవీలో కన్నా బాగా జరిగింది. మా అక్క బతికుంటే ఆ ఇద్దరికీ చెరొకటి అంటించి, టీవీ కట్టేయించి, గుడ్డ బేరం చేసి ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది. నిద్రలో పోయింది. మంచి చావు అన్నారు అందరూ. ఆమె ఎప్పుడో పోయిందనీ, ఆ తర్వాత తిరిగింది మనిషి కాదనీ వాళ్ళకేం తెలుసు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, పక్కింటామె. నేను మిషను కుట్టుకునే అరుగుకూ ఆమె వంటింటికీ మధ్య ఒక్క గోడ. ఆమె మొగుణ్ణి నేను బావా అని పిలిచేదాన్ని. ఆయన బావుల్లో మునిగేవాడు. అనంతపురం జిల్లాలో నీళ్ళలో మునిగి బతికేవాడా అని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి. కరువు సీమ కాబట్టే ఆ పని పుట్టింది. నీళ్ళు అడుగంటే కొద్దీ రైతులు మోటరును కిందికి, ఇంకా కిందికి దించుకుంటూ పోతారు. ఎప్పుడో ఒక వాన గట్టిగా పడితే ఒక్క రాత్రికే బావి నిండి, అడుగునున్న మోటరూ పైపులూ మునిగిపోతాయి. అప్పుడు అందరికీ మా బావ గుర్తొస్తాడు. కణేకల్ వైపు కాలవ కింద బావులకు నీళ్ళుంటాయి గనుక అక్కడ మాత్రం ఏడాది పొడుగునా ఏదో ఒక పని తగిలేది.

మునిగేవాడి నడుముకు ఒక తాడు కడతారు. దాని రెండో కొస పైన పట్టుకునేది పెండ్లాం తోడబుట్టినవాడే అయి ఉండాలని మావైపు పట్టింపు. బావమరిది తన అక్క తాళి తెగనివ్వడని నమ్మకం. మునిగేవాడి సొంత తమ్ముడికి మాత్రం ఇవ్వరు. భూమి పంచుకోవాల్సినవాడు కదా మరి. మా అక్కకు అన్నదమ్ములు లేరు. పెండ్లయిన కొత్తలో ఎవరెవరో పట్టారట. ఒకడు తాడు కాలి కింద తొక్కిపెట్టి తమలపాకుకు సున్నం రాసుకుంటుంటే ఈమె చూసింది. వాణ్ణి పక్కకు నెట్టి తాడు తన చేతికి చుట్టుకుంది. ఇక ఎవరికీ ఇవ్వలేదు.

"ఆడమనిషి బాయి గట్టున నిలబడి తాడు పట్టుకునేదేందప్పా, మంచిది కాదు" అని ఒక పెద్దరైతు బావతో అన్నాడొకసారి.

బావ నోరు తెరిచే లోపలే ఈమె అందుకుంది. "మెడలో తాడు నాదే గదన్నా. తెగితే నాదే తెగేది. ఇది ఇంకొకరి చేతికి ఏంటికి ఇస్తా?"



బావకు గాలి అందేది పంచరు షాపు భాయ్ కంప్రెసరు నుంచి. దాన్ని ట్రాలీలో వేసుకుని బావి దగ్గరికి తోలుకుపోతారు. పొడుగాటి గొట్టం ఒక కొస కంప్రెసరుకు, ఇంకో కొస బావ నోట్లో. అది నడుస్తున్నంత సేపూ అక్క దాని చుట్టుపక్కలకు ఎవర్నీ రానిచ్చేది కాదు. రైతులేమో వినోదం చూడడానికి వచ్చి సరిగ్గా దాని పక్కనే బీడీలు ముట్టించేవాళ్ళు. "దూరం పోండి. ఆ మిషను మీ పొగంతా పీల్చి కిందికి పంపుతాండాది. నా మొగుడు నీళ్ళల్లో ఉండి మీ బీడీ తాగల్లనా?" అని తరిమేది. గాలి ఎటు తిరిగితే అటు నుంచి ఇంజను పొగ రాకుండా భాయ్ చేత ట్రాలీ మళ్ళీ మళ్ళీ తిప్పించేది. పాపం భాయ్, నెమ్మదస్తుడు. "అచ్ఛా బెహన్, తిప్పుతా" అనేవాడు.

బావ కింద ఉన్నంత సేపూ ఆమె పెదవులు బిగుసుకుని ఉండేవి. నేనొకసారి మాట కలపబోతే కళ్ళతోనే కసిరింది. తాడు వేళ్ళ మీద వదులుగా ఉండేది, అటు నుంచి చిన్న కదలిక వచ్చినా తెలిసేటట్టు. ఆ బావి నీళ్ళు, ఎంత ఎండగా ఉన్నా, ఆయన పైకి వచ్చేదాకా నోట్లో పోసుకునేది కాదు. ఆయన తల బయటికి రాగానే మాత్రం తిట్లు. "ఆడేమన్నా అత్తగారిల్లు ఉండాదా, అంత సేపు కూర్చుంటివి?" అనేది. ఆయన పళ్ళికిలించేవాడు. నీళ్ళలోంచి వచ్చి ఆ తిట్లు తినకపోతే ఆయనకు ఒళ్ళు వెచ్చబడేది కాదేమో అనిపించేది నాకు.

ఒకనాడు కంప్రెసరు బెల్టు తెగింది. బావ ఎట్లాగో పైకొచ్చాడు గానీ ముక్కులోంచి నెత్తురు. ఆ రోజు ఆమె తిట్టలేదు. ఇంటికొచ్చి సంగటి కెలికింది, పెట్టింది, తను తినలేదు. తెల్లారి లేచి నేరుగా పంచరు షాపుకు పోయి స్కూటరు ట్యూబు ఒకటి అడిగి తెచ్చుకుని మా అరుగు మీద పడేసింది.

"దీనికి సంచి కుట్టు మే. గాలి కొట్టి ఛాతీకి కడతా. పైది ఆగిపోతే ఇందులోంచి పీల్చుకుంటా పైకి వచ్చేస్తాడు."

అరుగు మీద పంచాయితీ పెట్టారు ఇక. బావ, భాయ్ ఒకవైపు. ఆమె ఒక్కతే ఒకవైపు. నేను మధ్యలో మిషను తొక్కుకుంటూ.

"గాలి నింపిన ట్యూబు నీళ్ళల్లో తేలుతాదే పిచ్చిదానా" అన్నాడు బావ. "అది నన్ను పైకి గుంజుతాంటే నేను కింద పనెట్ల చేసేది?"

"నడుముకు రాళ్ళు కడతా."

"ఇప్పటిదాకా చేత గుండురాయి పట్టుకోని దిగి, ఆడ వదిలేసి వస్తాండా. ఒంటి మీద బరువు లేదు. నువ్వు ట్యూబు కడతావు, దానికోసం రాళ్ళు కడతావు. రేపు రాళ్ళకోసం ఇంగేం కడతావు?"

"నిన్నే కట్టేస్తా ఇంట్లో."

భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "అది కాదు బెహన్. ఒక్క ఊపిరే ఉన్నోనికి భయం ఉంటాది. గొట్టం రవ్వ అటూ ఇటూ అయితే వచ్చేస్తాడు. రెండోది ఉందంటే ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అని ఆగుతాడు. షాపులో చూస్తాండా గదా, స్టెప్నీ ఉన్న లారీవాళ్ళే అరిగిన టైరు మీద తోలేది."

ఆమె ట్యూబును చేతుల్లో తిప్పింది. తర్వాత బావను చూసి, కోపం లేకుండా అంది. "నీకు బరువైతే నీకోసం మోయొద్దు. నాకోసం మోయి."

పంచాయితీ అంతటితో ముగిసింది. నేను టార్పాలిను ముక్కతో సంచీ, మంచం నవారుతో పట్టీలూ కుట్టాను. నడుముకు రాళ్ళు కుట్టిన పటకా ఒకటి విడిగా. ట్యూబుకు పొట్టి గొట్టమూ, నొక్కితే గాలి వదిలే బిరడా భాయ్ అమర్చాడు. కొన్ని ఊపిర్లకు మించి రావు అందులో. ఆ కొన్ని చాలు అంది ఆమె.

రోజూ పొద్దున ముగ్గు వేయకముందే ఆ ట్యూబును బకెట్లో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసేది. పని లేని రోజూ చూసేది. బావకు వీధి పొడుగునా అదే హాస్యం. "ఏం బావా, యాడికి" అని నేనడిగితే, "మా ఆడదాన్ని రొమ్ముకు కట్టుకోని కణేకల్ పోతాండా మరదలా" అనేవాడు. "పెండ్లప్పుడు గూడా ఇంత గట్టిగా పట్టుకోలే ఈమె." అక్క వంటింట్లోంచే గరిటె గోడకేసి కొట్టేది. ఆమెకు నవ్వొచ్చినప్పుడు అట్లా కొట్టేది, కోపమొచ్చినప్పుడు కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆయనకూ, గోడకిటువైపు నాకూ మాత్రమే తెలుసు.

ఆ ఏడు వాన బాగా పడింది. కణేకల్ దారిలో ఒక ఊళ్ళో పెండ్లివారికి రవికలు ఇవ్వాల్సి ఉండి నేనూ వాళ్ళతో ట్రాలీ ఎక్కాను. పని అదే ఊళ్ళో. బాగా లోతైన పాత బావి, లోపలికి రాతిమెట్లు. రైతు ముప్పై ఏళ్ళవాడు, పైపులకు కట్టిన తాడు పట్టుకుని నీళ్ళ అంచున మెట్టు మీద నిలబడ్డాడు. బావ కింద మోటరు విప్పుతున్నాడు. నేను రవికలిచ్చి వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉంది. అక్క తాడు పట్టుకుని పెదవులు బిగించి ఉంది. కంప్రెసరు నడుస్తోంది. బీడీ వాసన కూడా లేదు.

పైపులను పట్టి ఉంచిన బిగింపు ఊడింది. పైపులన్నీ ఒక్క ఊపున లోపలికి జారాయి. పైపుల తాడు కాళ్ళకు చుట్టుకుని ఆ రైతు కూడా వాటితోపాటే పోయాడు, అరిచే సందు కూడా లేకుండా.

నీళ్ళ మీద ఇంతవరకూ ఒకచోట వస్తున్న బుడగలు ఆగిపోయాయి. కంప్రెసరు మాత్రం నడుస్తూనే ఉంది. "గొట్టం నలిగింది" అన్నాడు భాయ్. అక్క తాడు చూస్తోంది. నాకైతే ఒక యుగం గడిచినట్టుంది. అప్పుడు తాడు కదిలింది. ఒకటి, రెండు, మూడు. లాగమని గుర్తు.

ఆమె లాగింది. భాయ్, నేను, పక్కనున్నవాళ్ళు అందరమూ ఆమె వెనక తాడు పట్టుకున్నాం గానీ లాగింది ఆమే. బరువు తెలుస్తోంది. నీళ్ళలో నల్లటి జుట్టు కనబడింది. మా అక్క మొహం ఒక్కసారి విప్పారింది. తిట్టడానికి నోరు కూడా తెరిచింది. ఆ మొహం నేను చూడకుండా ఉంటే బాగుండేది.

వచ్చింది బావ కాదు. ఆ రైతు. నోట్లో పొట్టి గొట్టం, మెడలో నేను కుట్టిన సంచి, నడుముకు బావ తాడు. ఆమె ముందు ఆ ముడి చూసింది. అది ఆయన వేసే ముడి. తర్వాత అతని మొహం చూసి, మామూలు గొంతుతో "నువ్వెవురప్పా" అంది.

ఆ వెంటనే దూకబోయింది. నలుగురు పట్టుకున్నారు. ఈత వచ్చినవాళ్ళు దూకారు గానీ అంత లోతు వాళ్ళ వల్ల కాలేదు. పక్క తోటల ఇంజన్లు తెచ్చి నీళ్ళు తోడి, పొద్దు వాలేటప్పటికి బావను బయటికి తీశారు. నడుముకు రాళ్ళ పటకా అట్లాగే ఉంది. పైకి తేల్చేదాన్ని ఇచ్చేశాడు, కిందికి గుంజేది విప్పుకునే ఊపిరి లేక ఆయనకే మిగిలింది. అక్క ఆ పటకా మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అంతా ఆమెకు ఆ క్షణానే అర్థమైందని నాకు తెలిసింది. ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

చెప్పేవాళ్ళు మాత్రం ఊరుకుంటారా. పదకొండో రోజు దాటకముందే మొదలుపెట్టారు. ట్యూబు లేకపోయింటే గొట్టం నలిగిన వెంటనే పైకి వచ్చేసేవాడు, అది ఉందనే ఆగినాడు అని ఒకరు. రాళ్ళే ముంచినాయి అని ఒకరు. ఆమె వినేటట్టే అన్నారు. నోళ్ళు పడిపోను. భాయ్ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు అరుగు మీద తను చెప్పిందే నిజమైందని అనగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఆమె గడపలోకొచ్చి, చెప్పులు విడిచి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆమె నా మిషను పక్కన వచ్చి కూర్చుంది.

"నేను కట్టకపోయింటే వచ్చేసేటోడా మే?"

"ఏంటికక్కా ఇప్పుడు."

"నువ్వు చెప్పు. నువ్వే గదా కుట్టినది."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు. "బెల్టు తెగిన రోజే చచ్చిపోయుంటే బాగుండేదా" అని అరిచేశాను. ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆమె అడిగినదానికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నా అరుగు మీదికి రమ్మనండి, నేను కూడా నాలుగు మాటలు అడగాలి.

ఆ రైతు వస్తుండేవాడు. వచ్చి గడప బయట నిలబడేవాడు. ఆమె తలుపు తీసేది కాదు. అతను చెనక్కాయలో, పెసలో మూట మా అరుగు మీద పెట్టి, ఇచ్చేయండక్కా అని పోయేవాడు. ఆమె వాటిని ముట్టేది కాదు, నేను వీధిలో పంచేసేదాన్ని. అట్లా చాలాసార్లు తిరిగాడు. చివరికొకరోజు తలుపు తీసింది. నన్ను కూడా పిలిచింది. అతను నేల మీద కూర్చున్నాడు. లోపలికొచ్చేటప్పుడు కాలు కొంచెం ఈడ్చాడు, పైపు కింద పడిన కాలు.

"కింద ఏం జరిగిందో చెప్పు" అంది.

"నా కాలు పైపు కింద ఇరుక్కునిందక్కా. ఆయన్న గొట్టం గూడా దాని కిందే. గొట్టం గుంజి చూసినాడు, రాలే. అది పారేసి ఎదమీది ట్యూబు గొట్టం నోటి కాడికి తీసుకున్నాడు. అప్పుడు నన్ను చూసినాడు."

"ఆ."

"చూసి, అది నా నోట్లో పెట్టినాడు. నా ముక్కు వేళ్ళతో మూసినాడు. తర్వాత మోటరు కదిలించేకి తెచ్చుకున్న పలుగుతో పైపు ఎత్తి నా కాలు తీసినాడు. తన తాడు విప్పి నాకు కట్టినాడు. నేను పైకొస్తాంటే కింద నా పాదానికి చెయ్యి పెట్టి తోసినాడక్కా. ఆ చెయ్యి నాకు ఇంగా తెలుస్తాండాది."

అతను ఏడుస్తున్నాడు. ఆమె ఏడవడం లేదు.

"నోటి కాడికి తీసుకున్నాడంటివే. నిన్ను చూసినాక, నీకిచ్చేకి ముందు, ఆలోచన చేసినాడా?"

పాపం అతనికి ఆమె ఏం అడుగుతోందో తెలియలేదు. బావను మెచ్చుకునే మాట చెప్పాలనుకున్నాడు. "లేదక్కా. రవ్వంత గూడా ఆలోచన చేయలే. చూసినాడు, పెట్టేసినాడు. దేవుడక్కా ఆయన్న."

ఆమె తల ఊపింది. అన్నం తిని పొమ్మంది అతన్ని. నిజంగానే పెట్టింది, మారు కూడా వడ్డించింది. అతను పోయాక కంచం కడుగుతూ, నా వైపు తిరగకుండా అంది.

"రవ్వ ఆలోచన చేసింటే నేను గుర్తొచ్చినట్టు మే. చేయనే లేదంట."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. వేయడం తప్ప ఇంకేం చేస్తాం. ఆ వీపు రాయిలా ఉంది. ఊరంతా ఆయన్ని దేవుడన్నారు. ఆమెకు దేవుడు అక్కర్లేదు. ఇంటికి పెద్దదిక్కయిన మొగుడు కావాలి, చేతిలో ఉన్నది ఎవరికివ్వాలో ఒక్క లిప్త వెనకాడే మామూలు మనిషి కావాలి. అది ఎవరికి చెప్పుకుంటుంది? చెప్తే ఆమెనే తప్పుబట్టేవాళ్ళు, ఒక ప్రాణం నిలబెట్టిన మొగుణ్ణి పట్టుకుని ఇట్లా అంటుందా అని.

ఆ తర్వాత ఆమె చెనక్కాయ కొట్టే పనికి పోయింది, మా వీధిలోనే బతికింది, కొన్నేళ్ళు. మాట తగ్గిపోయింది. గరిటె గోడకు తగిలిన చప్పుడు మళ్ళీ వినలేదు నేను.

అక్క పోవడానికి ఏడాది ముందు ఒక చిన్న వయసు అమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది, కణేకల్ అవతలి ఊరు. ఆ పిల్ల మొగుడు కూడా బావుల్లో మునుగుతాడట. ట్యూబు కట్టమంటే, అది కట్టుకున్నాయనే పోయినాడు గదా, నాకొద్దు అంటున్నాడట. వాళ్ళ మధ్య అదే తగువు.

"కట్టల్లనా వద్దా, నువ్వు చెప్పక్కా. నువ్వు చెప్తే వింటానన్నాడు" అంది ఆ పిల్ల.

నేను మిషను ఆపేశాను. అక్కను అడగకూడని మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. ఈ పిల్లను ఇక్కణ్ణుంచి లేపేద్దామని నోరు తెరిచాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కట్టు" అంది. "రాళ్ళు మాత్రం మనిషికి కట్టొద్దు మే. ట్యూబుకే కట్టు. అది ఒంటి మీద నుంచి పోయిందంటే రాళ్ళు గూడా దాని ఎంటే పోవల్ల."

"ఎట్ల పోతాదక్కా, పట్టీలు ఉంటాయి గదా?"

"ఇచ్చేస్తాడు మే."

"ఎవురికి?"

"ఎవురికో. ఆడ ఎవురుంటే వాళ్ళకు. నాకోసం మోయి అని నువ్వు చెప్పినా ఇచ్చేస్తాడు." నా మిషను పక్కనున్న టార్పాలిను చుట్ట తన వైపు లాక్కుని, జానతో కొలవడం మొదలుపెట్టింది. "అందుకే ఒకటి కట్టొద్దు. రెండు కట్టు."